పదకొండు రాబందులు

ఆ ఎండాకాలం మొదలయ్యేసరికి మా ఊరి కొండచరియ మీద పదకొండు రాబందులు మిగిలాయి. ఆ లెక్క మా అక్కది. అడవి శాఖలో ఆమె దినకూలి వాచరు. పొద్దున్నే సైకిలెక్కి కొండ కిందికి పోవడం, మూడు కాళ్ళ స్టాండు మీద దుర్భిణి బిగించడం, చరియలో ఒక్కో రాతి అరుగూ వెతికి ఎన్ని పక్షులున్నాయో ఫారంలో రాయడం, ఇదే పని. పద్నాలుగేళ్ళుగా రాస్తోంది. మొదటి ఏడాది నూటముప్పై చిల్లర ఉండేవట.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. డాక్టరుగారు వారానికి రెండు రోజులే వచ్చేవారు. మిగతా రోజుల్లో చుట్టుపక్కల ఏ గొడ్డుకి ఏమొచ్చినా నన్నే పిలిచేవాళ్ళు. నలభై దాటి జుట్టు సగం పోయినా ఊరికి నేను సూదబ్బాయినే. అక్కని రాబందులమ్మ అనేవాళ్ళు. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కుదరకపోవడానికి ఈ పేర్లే కారణమని అమ్మ గట్టిగా నమ్మేది.

"ఒకత్తేమో గొడ్డు చస్తే బాగుండని కొండ కింద కూర్చుంటుంది. ఇంకొకడు గొడ్డు చావకూడదని ఊరంతా తిరుగుతాడు. ఇద్దర్లో ఒకరి పని సాగితే రెండోవాళ్ళకి పస్తే. నా కడుపున ఎలా పుట్టార్రా మీరు," అనేది, కంచాలు పెడుతూ. ముగ్గురం నవ్వుకునేవాళ్ళం.

మా ఇద్దరి పనులూ ఎక్కడ తగులుకుంటాయో చెప్పాలి. గొడ్డుకి నొప్పి తగ్గించే మందులు మా దగ్గర రెండు రకాలు. ఎర్ర మూత సీసాది చవక, గంటలో పనిచేస్తుంది. కానీ ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డుని రాబందు తింటే దాని మూత్రపిండాలు పాడైపోయి రెండు మూడు రోజుల్లో పోతుంది. నీలం మూత మందుతో ఆ భయం లేదు. ఎర్ర మూతని పశువులకి వాడకూడదని చట్టం వచ్చింది. మనుషులకి మాత్రం చిన్న సీసాల్లో అమ్ముతూనే ఉన్నారు కాబట్టి, ముందు గుమ్మం మూస్తే దొడ్డి గుమ్మంలోంచి వస్తూనే ఉంది. ఆరేళ్ళ కిందట అక్క నా సంచీ బోర్లించి, ఎర్ర మూతలన్నీ ఏరి తీసుకుపోయింది. ఆ తర్వాత నేను ఒక్క సీసా కొనలేదు. అంతవరకూ నిజం.

ఆ ఏడాది కొండ మీద ఒకే గూడు. అందులో ఒకే పిల్ల. అక్క ఇంటికి వస్తే దాని కబుర్లే. ఇవాళ మెడ నిలిపింది, ఇవాళ రెక్క విదిల్చింది, తల్లీ తండ్రీ వంతులేసుకుని నీడ పడుతున్నాయి.

"మేనల్లుణ్ణి ఎత్తుకున్నంత మురిసిపోతున్నావే," అంది అమ్మ.

"మరి? నీ కొడుకు ఇచ్చేలా లేడుగా," అంది అక్క.

ఎండలు ముదిరాక పాలావిడ కబురు చేసింది. ఊరి చివర రేకుల కొట్టంలో ఆవిడకి ఒక్కటే ఆవు, నల్లది, నొసట తెల్ల మచ్చ. ఈని వారమైంది. నేను వెళ్ళేసరికి పక్కకి పడి ఉంది. పొదుగు రాయిలా గట్టిపడి, తాకితే కాలుతోంది. దూడని దగ్గరికి రానివ్వట్లేదు. పొదుగువాపు అని చూడగానే తెలిసింది, ఆలస్యమైందనీ తెలిసింది.

చీముకి సూది వేశాను. నొప్పికి వెయ్యబోతే సంచీలో నీలం మూత లేదు. మూడు వారాలుగా ఆసుపత్రికి సరఫరా రాలేదు. డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"నీలం లేకపోతే ఇంకేం ఉంది?" అన్నారు.

"ఇంకేం లేదండి."

"ఏదో ఒకటి చెయ్యవయ్యా, నేను ప్రయాణంలో ఉన్నాను," అని పెట్టేశారు.

ఆవు మూలుగుతోంది. గొడ్ల మూలుగులు నాకు కొత్త కాదు. ఇది మాత్రం ఊపిరి వదిలినప్పుడల్లా లోపల ఏదో చిరుగుతున్నట్టు వచ్చేది. పాలావిడ లోపలికి వెళ్ళి, మందులషాపు కాగితం సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఐదు చిన్న సీసాలు. ఎర్ర మూతలు.

"పిన్నీ, ఇవి గొడ్లకి వెయ్యకూడదు."

"మనుషులకి వేస్తారటగా. మనిషికి పనికొచ్చేది గొడ్డుకి పనికిరాదా?"

"గొడ్డుకి ఏం కాదు. అది చచ్చిపోతే తిన్న రాబందులు చస్తాయి."

ఆవిడ నా వంక కోపంగా కూడా చూడలేదు. అలసటగా చూసింది. "చావకుండా చూడమనే కదా నిన్ను పిలిచింది. నువ్వేమో అది చచ్చాక ఎవరు తింటారోనని ఆలోచిస్తున్నావు. అక్కకి తగ్గ తమ్ముడివి బాబూ," అంది.

ఐదు సీసాలూ ఒకే సిరంజిలోకి తీసి వేశాను.

సాయంత్రం అటుగా వెళితే ఆవు లేచి నిలబడి ఉంది. కుడితి తాగిందట. దూడ దాని పక్కనే ఉంది. పాలావిడ నా తల నిమిరింది. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం నాకు సంతోషంగానే ఉంది. అక్క మొహం చూడాల్సి వచ్చినా కొట్టం ముందు నిలబడ్డ ఆవే కళ్ళలో మెదిలింది.

రెండో రోజు పొద్దున ఆవు చచ్చిపోయింది.

పరుగెత్తుకెళ్ళాను. "దీన్ని పూడ్చెయ్యాలి పిన్నీ, లోతుగా. దిబ్బకి మాత్రం పంపకు," అన్నాను. మా దగ్గర చచ్చిన గొడ్లని ట్రాక్టరుకి కట్టి, ఊరి బయట దిబ్బ మీద పడేస్తారు. అక్కడికే రాబందులు దిగేది.

"ఈ ఎండలో ఈ నేల ఎవరు తవ్వుతారు? గడ్డపార దిగుతుందా?"

తవ్వే యంత్రం నడిపేవాడికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం వస్తానన్నాడు. నాకు ఆ రోజు పక్క ఊళ్ళలో టీకాల పని ఉంది, మూడు రోజులు అక్కడే మకాం. "వాడొస్తాడు, గొయ్యి తీయించి పూడ్పించు," అని రెండుసార్లు చెప్పి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేసి కనుక్కుందామనుకున్నాను. గొడ్లు వరసలో నిలబడి ఉన్నాయి, చేతులు ఖాళీ లేవు. తర్వాత మరిచిపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం భోజనం వేళకి ఇల్లు చేరాను. అక్క కూడా వచ్చి ఉంది. ఆ వేళప్పుడు ఆమె ఇంట్లో ఉండడం అరుదు. మొహం వెలిగిపోతోంది.

"ఒరేయ్, మొన్న సాయంత్రం దిబ్బ మీదకి ఏడు దిగాయిరా. ఈ కాలంలో అన్ని ఒకేసారి దిగడం ఇదే మొదలు. నిన్న పొద్దున్న కూడా తిన్నాయి. పిల్ల తండ్రి ఉందే, ఎంత తిన్నదంటే ఎగరలేక ఆ పక్క చెట్టెక్కి కూర్చుంది. ఇంతవరకూ గూటికి పోలేదు. భార్య తిడుతుందని తెలుసు వెధవకి."

అమ్మ నవ్వింది. నేను కంచంలో చెయ్యి పెట్టి ఉన్నాను.

"ఏ గొడ్డు అక్కా?"

"నల్లావు. నొసట మచ్చ ఉంది. ఎవరిదో తెలియదు. సూది గీది పడలేదు కదా?" అని నన్నే అడిగింది. ప్రతి గొడ్డుకీ అడిగే మాటే. ఏ గొడ్డుకి ఏ మందు పడిందో ఆమెకి చెప్పే మనిషిని నేనే.

"కనుక్కుంటాను," అన్నాను.

చెయ్యి కడుక్కుని పాలావిడ దగ్గరికి వెళ్ళాను. యంత్రంవాడు రాలేదట. ఎండకి ఆవు ఉబ్బిపోయి, దూడ దాని చుట్టూ తిరుగుతుంటే చూడలేక, ట్రాక్టరువాణ్ణి పిలిచి ఇచ్చేసిందట. ఆవిడ మీద అరవలేకపోయాను. డాక్టరుగారికి ఫోన్ చేసి, తిన్నవాటికి విరుగుడు ఏమైనా ఉందా అని అడిగాను. లేదన్నారు. ఎందుకని ఆయన అడగలేదు.

అక్కకి ఆ రోజు చెప్పలేదు. చెప్పినా ఒక్క పక్షి కూడా బతికేది కాదు. ఈ మాట నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అబద్ధం కాదు. అయినా అందుకే చెప్పలేదని మాత్రం అనలేను.

మర్నాడు పొద్దున అక్క దగ్గర్నుంచి ఫోన్. "సంచీ, కత్తులు తీసుకుని రా," అంతే అంది.

కొండ కింది షెడ్డు ముందు గోనెపట్టా పరిచి ఉంది. దాని మీద మూడు రాబందులు. నేను వెళ్ళాక అక్క ఇంకా రెంటిని తెచ్చింది, ఒక్కొక్కదాన్ని రెండు చేతులా ఎత్తుకుని. దగ్గరగా చూస్తే గానీ అవి ఎంత పెద్దవో మనిషికి తెలియదు, రెక్కలు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాయి. ఆరోది చెట్టు కొమ్మలో ఇరుక్కుని వేలాడుతోంది. ఏడోది ఇంకా బతికే ఉంది. కొమ్మ మీద కూర్చుని తల కిందికి జార్చేస్తుంది, మళ్ళీ ఎత్తుతుంది, మళ్ళీ జారుస్తుంది. నిద్ర ఆపుకుంటున్న మనిషిలా. అది పిల్ల తండ్రి. మధ్యాహ్నానికి కింద పడింది.

ప్రయోగశాలకి ముక్కలు పంపాలి. కొయ్యడం వచ్చినవాణ్ణి నేనే. మొదటిదాని పొట్ట తెరిచాను. కాలేయం మీద, గుండె చుట్టూ, తెల్లగా సున్నం పూసినట్టుంది. ఎర్ర మూత చేసేది ఇదేనని పుస్తకంలో బొమ్మ చూశాను గానీ కళ్ళారా చూడడం అదే మొదటిసారి. రెండోదీ అంతే. మూడోదీ అంతే. అక్క ఒక్కో సీసా మీద చీటీ అంటిస్తూ, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసుకుంటోంది.

నాలుగోదాన్ని ముందుకి లాక్కున్నాను.

"అక్కా, ఆ ఆవుకి సూది వేసింది నేనే."

ఆమె తల ఎత్తలేదు. కలం మాత్రం ఆగింది. ఎండకి షెడ్డు రేకులు టక్ టక్ మంటున్నాయి.

"ఎన్ని మిల్లీలు?" అంది.

"పదిహేను."

"ఎప్పుడు?"

"చావడానికి ముందు రోజు."

రాసుకుంది. "పూర్తి పేరు చెప్పు," అంది.

"నీకు తెలియదా అక్కా?"

"వేసినవాళ్ళు చెప్పిందే రాయాలి."

ఇంటిపేరుతో సహా చెప్పాను. నాకు మాటలు నేర్పిన మనిషి, నా పేరు ఎవరో కొత్తవాళ్ళది రాసుకున్నట్టు అక్షరం అక్షరం రాసుకుంది. తర్వాత, "ఇంకా నాలుగున్నాయి, కానియ్," అంది.

విచారణకి పైనుంచి ఒక అధికారి వచ్చాడు. మంచి మనిషే. డాక్టరుగారు ఫోన్లో తను నాకేమీ చెప్పలేదన్నారు. మందులషాపు ఆయన మనిషి వాడకానికే ఇచ్చానన్నాడు, ఆ మాటా నిజమే. అధికారి కాగితాలు మూసి నాతో, "అందరూ వేస్తూనే ఉన్నారు. ఒప్పుకున్నది నువ్వొక్కడివే. నీ మీద ఏదో ఒకటి రాయక తప్పదు," అన్నాడు. నన్ను ఆరు నెలలు పనిలోంచి నిలిపేశారు.

ఆ కాగితం వచ్చిన రోజు అమ్మ అక్కని గుమ్మంలోనే పట్టుకుంది.

"సొంత తమ్ముడి పేరు ఎక్కించావటే. నీకు వాడికంటే ఆ పక్షులు ఎక్కువయ్యాయా?"

"వేరేవాడైతే ఎక్కించేదాన్నే కదమ్మా."

"వేరేవాడు వేరు."

"వేరేవాడి అక్క కూడా అదే అంటుంది," అంది అక్క.

ఆ మధ్యాహ్నమే పరుపు చుట్టి సైకిల్ వెనక కట్టుకుని కొండ కింది షెడ్డుకి వెళ్ళిపోయింది. అమ్మ ఆపలేదు. నేను గేటు తీసి పట్టుకున్నాను. ఆమె నన్ను తోసుకుపోలేదు, చూడనూలేదు.

కొండ మీద నాలుగు మిగిలాయి. అందులో ఒకటి పిల్ల తల్లి. జంట ఉంటే ఒకటి తిండికి పోతే ఇంకొకటి నీడ పడుతుంది. ఇప్పుడు అది ఒక్కతే. తిండికి పోతే పిల్ల ఎండకి మాడుతుంది, నీడ పడితే ఆకలికి పోతుంది. తాళ్ళు కట్టి దిగేవాళ్ళని పంపితే పిల్లని తెచ్చి పెంపక కేంద్రంలో బతికించుకుంటామని అక్క దరఖాస్తు పెట్టింది. అనుమతి రావాలన్నారు. ఈలోగా గూటికి దగ్గర్లోనే తిండి పెట్టగలిగితే తల్లి దూరం పోనక్కర్లేదు.

ఆ తిండి నేను తెస్తానని షెడ్డు బయట నిలబడి చెప్పాను. "మందు పడనిదై ఉండాలి," అంది లోపల్నుంచి. అన్ని రోజుల్లో నాతో అన్న మాట అదొక్కటే.

స్కూటర్ వేసుకుని ఊరూరూ తిరిగాను. జీవితంలో మొదటిసారి, ఎక్కడైనా ఓ గొడ్డు చస్తే బాగుండని కోరుకున్నాను. అమ్మ వేళాకోళం గుర్తొచ్చింది. కొట్టాల దగ్గరికి వెళితే మనుషులు మాట మార్చేవాళ్ళు. నన్ను చూడగానే ఒకావిడ కిటికీలో ఉన్న సిరంజిని కొంగు కింద దాచింది. సూదులు ఆగలేదు. నన్ను పిలవడం మాత్రం ఆగింది. షాపులో కొనుక్కుని ఎవరికి వాళ్ళే పొడుచుకుంటున్నారు. నేను నిజం చెప్పినందువల్ల జరిగింది ఒక్కటే, ఆ తర్వాత నాకెవరూ నిజం చెప్పలేదు.

వారం తిరిగాక ఒక ముసలి ఎద్దు దొరికింది. వయసుడిగి పోయిందన్నాడు ఆసామి.

"మందేమైనా వేశారా బాబాయ్?"

"మందా? దీనికా? దీని వయసుకి మందేంటి?"

"నొప్పికి కూడా?"

"లేదంటున్నాగా. కావాలంటే తీసుకుపో, లేకపోతే వదిలెయ్."

ట్రాక్టరు మాట్లాడి కొండ కిందికి తెచ్చాను. అక్క షెడ్డులోంచి వచ్చి ఎద్దు చుట్టూ ఒకసారి తిరిగింది. మెడ దగ్గర వంగింది. వెంట్రుకల్లో శనగగింజంత ఉబ్బు. ఈగ కుట్టినా అంతే ఉంటుంది. సూది గుచ్చినా అంతే ఉంటుంది.

"నమ్మకమేనా?" అంది.

పైన, రాతి అరుగు మీద, తల్లి రాబందు రెక్కలు సగం విప్పి నిలబడి ఉంది. దాని నీడలో బూడిదరంగు ముద్ద ఒకటి కదులుతోంది. అవునని ఒక్క మాట చాలు. ఎద్దు శుభ్రమైనదే కావచ్చు. ఆసామి మొహం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఇరవై ఏళ్ళలో సూది వేసి లేదన్న మొహాలూ, వెయ్యక లేదన్న మొహాలూ అన్నీ ఒక్కలాగే గుర్తొచ్చాయి.

"తెలియదక్కా," అన్నాను.

ఇద్దరం కలిసి గొయ్యి తవ్వాం. మధ్యాహ్నం దాకా తవ్వినా గడ్డపార మోకాటి లోతే దిగింది. చివరికి ఎద్దు మీద రాళ్ళు పేర్చాం, పిల్లలు బొమ్మకి ఇల్లు కట్టినట్టు చుట్టూ సందులు మూసుకుంటూ. ఆ పని జరిగినంతసేపూ తల్లి పైనుంచి మమ్మల్నే చూస్తోంది.

మూడో రోజున అది తిండికి వెళ్ళింది. వెళ్ళక తప్పలేదు. పొద్దుగుంకే వేళకి వచ్చిందట. వచ్చాక పిల్లని ముక్కుతో రెండుసార్లు కదిపి చూసిందట. తర్వాత మళ్ళీ రెక్కలు విప్పి నీడ పట్టి కూర్చుందట, ఎండ పోయాక కూడా. అక్క ఇది నాకు చెప్పలేదు. ఫారంలో రాసింది, నేను చాలా రోజుల తర్వాత చదివాను. పిల్లని దించడానికి అనుమతి ఇంకో రెండు రోజులకి వచ్చింది. తాళ్ళవాళ్ళు కూడా వచ్చారు. కొండ చూసి, టీ తాగి వెళ్ళిపోయారు.

తల్లి ఒకరోజు వెళ్ళి తిరిగి రాలేదు. మిగతా మూడూ ఎప్పుడు పోయాయో, ఎటు పోయాయో, బతికే పోయాయో లేదో, ఎవరికీ తెలియదు. ఒకరోజు రెండు కనిపించాయి, తర్వాత ఒకటి, తర్వాత ఏమీ లేదు. అక్క మాత్రం రోజూ కొండకి ఎదురుగా కూర్చుంది. అమ్మ నా చేతికి క్యారియరు ఇచ్చి పంపేది. తనే ఒకసారి నాతో వచ్చింది.

"సున్నా రాయడానికి ఈ ఎండలో కూర్చోవాలా? ఇంట్లో కూర్చుని రాసుకోరాదటే," అంది. గొంతులో కోపం పోయి చాలా రోజులైంది.

"చూడకుండా రాస్తే అది లెక్క కాదమ్మా," అంది అక్క, క్యారియరు తీసుకుంటూ.

వానలు మొదలయ్యేలోగా ఆ ఎండాకాలం లెక్క ముగించే ఫారం పంపాలి. ఒక చోట పక్షి లేదని రాయాలంటే ఇద్దరు విడివిడిగా చూసి సంతకం పెట్టాలని నిబంధన. ఆ ఫారం వెళ్ళాక వాచరు ఉద్యోగం ఉండదని అందరికీ తెలుసు. లేని పక్షులకి కాపలా ఎవరికి కావాలి. రెండో మనిషిని పంపమని అక్క ఆఫీసుకి రాసింది. ఎవరూ ఖాళీగా లేరన్నారు.

ఒక పొద్దున్న అక్క ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "నీకు పనేం లేదుగా," అంది.

"నేనా?" అన్నాను. "నా సంతకం చెల్లుతుందా?"

"కళ్ళున్నవాళ్ళెవరైనా చాలు."

ఇద్దరం వెళ్ళాం. తను ముందే చూసి, తన గడిలో రాసి, నాకు కనిపించకుండా కాగితం మడిచింది. దుర్భిణి నా ఎత్తుకి సరిచేసింది. చరియ అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. ఎడమ నుంచి కుడికి, కింద నుంచి పైకి, ఆమె చెప్పిన వరసలోనే చూశాను. ఒక అరుగు మీద ఎండిన పుల్లలు. ఒక పగులులో పావురాలు. పైన ఆకాశం.

"ఎన్ని?" అంది.

"ఏమీ లేవు."

"అంకె చెప్పాలి."

"సున్నా."

కలం కాగితం మీద పెట్టింది గానీ రాయలేదు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి నన్ను మళ్ళీ దుర్భిణి వైపు తిప్పింది.

"ఇంకోసారి చూడరా," అంది. "తొందరపడకు."

మళ్ళీ ఎడమ చివర్నుంచి మొదలుపెట్టాను.